బాయిలర్ వెలగడం లేదా? ముందు గోడ అవతల చూడండి

(ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటూ గ్యాస్ బాయిలర్లు బాగుచేసే మన శీర్షిక రచయిత పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: అన్నగారూ, మేం రెడింగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. పాపకు ఎనిమిది నెలలు. అత్తయ్య, మామయ్య నరసరావుపేట నుంచి వచ్చి పది రోజులైంది. శనివారం రాత్రి మైనస్ ఆరుకు పడిపోయింది. ఆదివారం పొద్దున లేచేసరికి రేడియేటర్లు చల్లగా ఉన్నాయి. బాయిలర్‌లో గుడగుడమని శబ్దం వస్తోంది. ఫ్యాన్ తిరుగుతుంది, టిక్ టిక్ మంటుంది, ఆగిపోతుంది. ఎర్ర లైటు, తెర మీద ఏదో కోడ్. రీసెట్ బటన్ ఇరవై సార్లయినా నొక్కి ఉంటాం. మూత విప్పి అగ్గిపుల్ల గీస్తే అంటుకుంటుందేమో అని మామయ్యగారు అంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.
— పాఠకురాలు, రెడింగ్

జవాబు: అమ్మా, మీ మెయిల్ ఆ ఆదివారమే చూశాను కాబట్టి ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ముప్పావు గంటలో మీ ఇల్లు వెచ్చబడింది. అయినా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. చలి ముదిరిన ప్రతి వారం ఇదే ప్రశ్న నాకు కనీసం ముగ్గురు అడుగుతారు.

ముందు అగ్గిపుల్ల సంగతి. మామయ్యగారిని తప్పుపట్టకండి. పొయ్యి వెలగకపోతే పుల్ల గీయడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. కానీ బాయిలర్‌లో మంట మూసిన పెట్టెలో మండుతుంది. గాలి బయటి నుంచే వస్తుంది, పొగ బయటికే పోతుంది, ఇంట్లోకి చుక్క పొగ రాకుండా రబ్బరు సీలు ఉంటుంది. ఆ మూత విప్పితే సీలు పోతుంది. అందుకే ఇక్కడ గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పనివాళ్ల అధికారిక జాబితాలో, పేరున్నవాళ్లు తప్ప ఇంకెవరూ దాని మీద చెయ్యి వేయకూడదని చట్టం. 2009 ఏప్రిల్ 1 నుంచి ఆ రిజిస్టర్ నడుస్తోంది. అంతకు ముందు కోర్గీ అని ఉండేది, పాతవాళ్లు ఇప్పటికీ ఆ పేరే అంటారు.

ఇప్పుడు మీ బాయిలర్ ఏం చేసిందో చూద్దాం. మీరు వేడి అడగగానే మొదట ఫ్యాన్ తిరుగుతుంది, లోపల మిగిలిన గ్యాస్ ఏమైనా ఉంటే బయటికి తోసేస్తుంది. తర్వాత స్పార్క్ పడుతుంది. మీరు విన్న టిక్ టిక్ అదే. అదే క్షణంలో గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. మంట వచ్చిందో లేదో ఒక సన్నని లోహపు కడ్డీ కనిపెడుతుంది. మంటలోంచి అతి కొద్దిపాటి కరెంటు పారుతుంది, అది అందితేనే బాయిలర్ నమ్ముతుంది. కొన్ని సెకన్లలో అందకపోతే వాల్వు మూసేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. మూడు నాలుగు సార్లు అలా చూసి తనంతట తానే తాళం వేసుకుంటుంది. దాన్ని లాకౌట్ అంటారు. మండని గ్యాస్ పెట్టెలో పోగుపడకుండా మిమ్మల్ని కాపాడడానికే అది ఆగిపోయింది. మీరు రీసెట్ నొక్కినప్పుడల్లా మళ్లీ గ్యాస్ వదిలి ప్రయత్నించమని చెబుతున్నట్టే. నా లెక్క రెండు సార్లు. రెండోసారికీ వెలగకపోతే బటన్ వదిలేసి కారణం వెతకాలి.

కారణం మీ ఉత్తరంలోనే ఉంది: రాత్రి మైనస్ ఆరు, పొద్దున గుడగుడ. ఈ రెండూ కలిసి వచ్చాయంటే నేను నేరుగా ఇంటి బయటికే వెళ్తాను.

2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివే అయి ఉండాలని నియమం వచ్చింది. పొగతోపాటు పోయే వేడిని కూడా ఇవి పిండుకుంటాయి. అలా చల్లబడిన పొగలోని ఆవిరి నీరవుతుంది. చలిరోజుల్లో అది రోజుకు లీటర్ల కొద్దీ వస్తుంది. కొంచెం పుల్లని నీరు, అందుకే రాగి కాకుండా ప్లాస్టిక్ పైపు వేస్తారు. చాలా ఇళ్లలో ఆ పైపు గోడ దాటి బయటి డ్రెయిన్‌లోకి దిగుతుంది. నీరు ధారగా కాకుండా చుక్కచుక్కగా వస్తుంది కాబట్టి, గోడ బయట సన్నపైపు ఉంటే వంపు దగ్గర గడ్డకట్టేస్తుంది. నీరు పోయే దారి లేక వెనక్కి ఎక్కి బాయిలర్ అడుగుకు చేరుతుంది. గుడగుడ ఆ నీటిదే. లోపల నీరు నిలిస్తే మంట నిలవదు.

2010 డిసెంబరులో నేను పని నేర్చుకుంటున్నాను. ఈ దేశం వందేళ్లలో ఎరగని చలి డిసెంబరు అది. మా గురువు పెద్దాయన ఏ ఇంటికి వెళ్లినా పనిముట్ల సంచి విప్పేవాడు కాదు. కోటైనా విప్పకుండా బాయిలర్‌కు చెవి ఆనించి, వెంటనే పెరట్లోకి నడిచేవాడు. ఆ నెలలో మేం మోసిన బరువంతా వేడినీళ్ల కెటిల్సే. మూత విప్పకుండా, ఒక్క భాగం మార్చకుండా ఎన్ని బాయిలర్లు వెలిగించామో! ఈ పని ఇంటివాళ్లు ఎవరైనా చేసుకోవచ్చని ఊరంతా చెప్పాలని అప్పుడే అనిపించింది.

మీరు చేసింది మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. బాయిలర్ ఉన్న గోడకు అవతలి వైపు వెళ్లి, కింది డ్రెయిన్ దాకా దిగే సన్నని ప్లాస్టిక్ పైపు, తెల్లదో బూడిదరంగుదో, వెతకండి. పొగ వచ్చే లావు గొట్టం అది కాదు. వంపులు, చివర, డ్రెయిన్ జాలీ మీద పేరుకున్న మంచు చూడండి. గడ్డకట్టేది ఎక్కువగా అక్కడే. గోరువెచ్చని నీళ్లు మగ్గుతో పోస్తూ ఉండండి. మరుగుతున్న నీళ్లు వద్దు, పైపు పగులుతుంది, చెయ్యీ కాలుతుంది. హాట్ వాటర్ బాటిల్ ఉంటే తువ్వాలుతో పైపుకు చుట్టి పది నిమిషాలు ఉంచండి. నేల మీద నిలబడి అందినంత వరకే చేయండి, మంచులో నిచ్చెన ఎక్కవద్దు. పోసిన నీరు మెట్ల మీద మళ్లీ గడ్డకడుతుంది, కాస్త ఉప్పు చల్లండి. లోపల గడగడమని నీరు దిగిన చప్పుడు వినపడ్డాక రీసెట్ ఒక్కసారి నొక్కండి.

వెలిగింది కదా అని మర్చిపోకండి. బయటి పైపును 32 మిల్లీమీటర్లకు మార్చి, పైన నీరు పీల్చని నురుగు తొడుగు వేయమని ల్యాండ్‌లార్డ్‌ను అడగండి. మీ ఇంట్లో ఉన్నది 21.5 మిల్లీమీటర్ల పైపు, తొడుగు కూడా లేదు. వచ్చే జనవరిలో మళ్లీ గడ్డకడుతుంది.

ఇక తెర మీద కనిపించిన కోడ్ సంగతి. మంట రాలేదని చెప్పే కోడ్ ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటుంది. వయాంట్‌లో ఎఫ్28, వూస్టర్ బాష్‌లో ఈఏ, ఐడియల్ లాజిక్‌లో ఎల్2, బ్యాక్సీలో ఈ133. మంట అందలేదని మాత్రమే అది చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఇంజినీర్‌కు ఫోన్ చేసేటప్పుడు కోడ్‌తోపాటు రాత్రి చలి ఎంత, శబ్దం ఎలా ఉంది, పొయ్యి వెలుగుతోందా అన్నవి కూడా చెప్పండి.

ఇంకొక్కటి, పసిపాప ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. బాయిలర్ లేని ఆ రెండు గంటలు గ్యాస్ పొయ్యి నాలుగు బర్నర్లూ వెలిగించి వంటింట్లో కూర్చున్నామని ఫోన్‌లో అన్నారు. ఇకపై అలా చేయవద్దు. తలుపులు మూసిన ఇంట్లో గంటల తరబడి మండే పొయ్యి ఆక్సిజన్ తగ్గిస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ పెంచుతుంది. బొగ్గుల కుంపటి, బార్బెక్యూ అసలే లోపలికి తేకూడదు. ఒక గది ఎంచుకుని, తలుపు కింద తువ్వాలు పెట్టి, కరెంటు హీటర్ వేసి అందరూ అక్కడే ఉండండి.

ప్రశ్న: అన్నా, కవెంట్రీలో ఐదుగురం కలిసి ఉంటున్నాం, ఎమ్మెస్ చదువుతున్నాం. నిన్న మధ్యాహ్నం నుంచి బాయిలర్ వెలగడం లేదు. రీసెట్ చేశాం, స్పార్క్ శబ్దం వస్తుంది, అంతే. పొయ్యి కూడా అప్పటి నుంచే రావడం లేదు. ల్యాండ్‌లార్డ్ ఫోన్ ఎత్తడు. మావాళ్లకు తెలిసిన ఒకాయన 60 పౌండ్లకు విప్పి చూస్తానంటున్నాడు, గ్యాస్ సేఫ్ కార్డు అదీ లేదు. రమ్మనమంటారా?
— ఒక విద్యార్థి, కవెంట్రీ

జవాబు: వద్దు తమ్ముడూ. ఆయన మంచివాడే అయ్యుండొచ్చు, కానీ మీ ఐదుగురి ప్రాణాలు 60 పౌండ్లకు అప్పగించకండి. పైగా మీ బాయిలర్‌లో లోపం ఉందని నాకు అనిపించడం లేదు. పొయ్యి కూడా రావడం లేదని రాశారు చూడండి, అసలు సంగతి అక్కడుంది. రెండూ ఒకేసారి ఆగాయంటే ఇంట్లోకి గ్యాసే రావడం లేదు.

మీది ముందే డబ్బు వేసి వాడే ప్రీపేమెంట్ మీటరా? ఐదుగురున్న ఇంట్లో డబ్బు వేయడం ఎవరి వంతో తేలక అది ఖాళీ అవుతుంటుంది. మీటర్ తెర మీద మిగులు చూడండి. అత్యవసర క్రెడిట్ అని కొంత ఉంటుంది, అది కూడా వాడేసి ఉంటే ముందు ఆ బాకీ కట్టాకే గ్యాస్ వస్తుంది. టాప్ అప్ చేయగానే సరిపోదు. చాలా మీటర్లలో సరఫరా తిరిగి తెరవడానికి మీరే బటన్ నొక్కాలి. నొక్కే ముందు పొయ్యి నాబులన్నీ కట్టేసి ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడండి. మధ్యాహ్నం ఎవరో వెలిగించబోయి అలాగే వదిలేసి ఉండొచ్చు.

మీటర్‌లో డబ్బు ఉంటే పక్కనే ఉన్న హ్యాండిల్ చూడండి. పైపు వెంబడి ఉంటే తెరిచి ఉన్నట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు. మూసి ఉంటే ఎవరు మూశారో, ఎందుకు మూశారో తెలియకుండా తెరవకండి. లీకు చూసి ఎవరో కట్టేసి ఉండొచ్చు. ఎప్పుడైనా గ్యాస్ వాసన వస్తే ఆ హ్యాండిల్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999కు ఫోన్ చేయాలి. ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, పైసా తీసుకోరు. వాళ్లు వచ్చి ప్రమాదం లేకుండా చేస్తారు, బాయిలర్ మాత్రం బాగుచేయరు.

ల్యాండ్‌లార్డ్ విషయంలో ఫోన్లు మానేసి మెయిల్ రాయండి. తేదీ, సమయం, ఫొటో పెట్టండి. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం సెక్షన్ 11 ప్రకారం వేడి, వేడినీళ్లు ఇచ్చే సాధనాలను పనిచేసే స్థితిలో ఉంచడం అతని బాధ్యత. ఏడాదికోసారి గ్యాస్ తనిఖీ చేయించి ఆ కాగితం మీకు ఇవ్వాలి కూడా. కదలకపోతే సిటీ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. విద్యార్థులం కదా అని భయపడవద్దు, ఫిర్యాదు చేయడానికీ వీసాకూ సంబంధం లేదు.

రేపు ఎవరైనా వస్తే తలుపు దగ్గరే గ్యాస్ సేఫ్ కార్డు అడగండి. ముందు వైపు ఫొటో, నంబరు ఉంటాయి. వెనక్కి తిప్పండి, ఏయే పనులకు అర్హత ఉందో అక్కడ రాసి ఉంటుంది. పొయ్యికి మాత్రమే అర్హత ఉన్నవాడు బాయిలర్ ముట్టుకోకూడదు. నన్ను ఇలా అడిగినవాళ్లంటే నాకు గౌరవం.

ప్రశ్న: బాయిలర్ నీటి ప్రెషర్ ముల్లు ప్రతి వారం అర బార్ కిందికి పడిపోయి బాయిలర్ ఆగిపోతోంది. కింద వెండిరంగు గొట్టానికి ఉన్న రెండు వాల్వులు తిప్పి నీళ్లు నింపితే వెలుగుతుంది. ఇలా ఎన్నాళ్లు చేయొచ్చు?
— పాఠకుడు, మిల్టన్ కీన్స్

జవాబు: చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపుకోవడం మామూలే. వారం వారం అంటే నీరు ఎక్కడో పోతోంది. రేడియేటర్ వాల్వుల కింద కార్పెట్ తడిగా ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. బయట గోడలోంచి వంగి వచ్చే రాగి పైపు కొన చూడండి. అక్కడ చుక్క వేలాడుతుంటే 3 బార్ల దగ్గర తెరుచుకునే రక్షణ వాల్వు వదిలేస్తోందని అర్థం. అందుకు తరచూ వేడికి పెరిగే నీటికి చోటిచ్చే లోపలి ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో గాలి పోవడమే కారణం. అది ఇంజినీర్ పని. నింపాక రెండు వాల్వులూ బిగించారో లేదో మాత్రం మీరే చూసుకోవాలి.

ప్రశ్న: అయ్యా, మాది హైదరాబాద్ మియాపూర్, ఐదో అంతస్తు. రిటైర్డ్ టీచర్‌ని. ఇంగ్లండ్‌లో ఉన్న మా అబ్బాయి మీ శీర్షిక పంపుతుంటాడు. మా గ్యాస్ గీజర్ కుళాయి తిప్పితే టక్ టక్ మంటుంది కానీ మంట రాదు, వచ్చినా వెంటనే ఆరిపోతుంది. కొన్నాళ్లుగా మంట పసుపుపచ్చగా వస్తోంది. గీజర్ బాత్రూమ్‌లోనే ఉంది, చలికి వెంటిలేటర్‌కు అట్ట పెట్టాం. ఏ భాగం మార్చాలో చెప్పండి. స్నానం చేసి వచ్చాక మా ఆవిడకు తల తిరుగుతోంది, బీపీ అనుకుని మాత్ర మార్పించాం.
— పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మాస్టారూ, ఇది చదవగానే మీ అబ్బాయికి ఫోన్ చేసి గీజర్ కట్టేయమని చెప్పించాను. అది వెలగకపోవడం ఈ నెలలో మీ ఇంటికి జరిగిన మేలు అనుకోండి. భాగం సంగతి తర్వాత.

బాగా మండే గ్యాస్ మంట నీలంగా ఉంటుంది. పసుపుపచ్చగా మండుతోందంటే దానికి గాలి చాలడం లేదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. సిలిండర్ గ్యాస్‌కు లీకు తెలియాలని వాసన కలుపుతారు, ఈ వాయువుకు ఆ హెచ్చరిక కూడా ఉండదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో బలం లేకపోవడం దీని లక్షణాలు. బయటి గాలిలోకి రాగానే తగ్గుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మీ బాత్రూమ్ చిన్నది, తలుపు మూసి ఉంటుంది, వెంటిలేటర్‌కు అట్ట ఉంది, ఆ గాలినే గీజరూ పీలుస్తోంది, అమ్మగారూ పీలుస్తున్నారు.

ఇంగ్లండ్ రాకముందు నేను విజయవాడలో నాలుగేళ్లు గ్యాస్ పొయ్యిల షాపులో పనిచేశాను. బాత్రూమ్‌లో గీజర్ బిగించమంటే అప్పట్లో నేనూ బిగించాను. మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగలేదు. ఆ ఇళ్లు కొన్ని ఇప్పటికీ గుర్తొస్తాయి, అక్కడ ఎవరికీ ఏమీ కాకుండా ఉండాలని కోరుకుంటాను. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. దాన్ని బాత్రూమ్ బయటికి, గాలి ఆడే బాల్కనీకో యుటిలిటీకో మార్పించండి. వేడినీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి. అది కుదరకపోతే కరెంటు గీజర్ కొనండి.

బయటికి మార్చాక వెలిగించే సంగతి చూద్దాం. గీజర్‌లో ఉండే రెండు పెద్ద సెల్లులు ముందు మార్చండి. సెల్ బలహీనపడితే స్పార్క్ వరకు వస్తుంది కానీ గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకునే శక్తి ఉండదు. మీరు రాసిన లక్షణం, వచ్చి వెంటనే ఆరిపోవడం, అదే కావచ్చు. మీ గీజర్‌లో టక్ టక్ వినిపిస్తోంది కాబట్టి నీటి ఒత్తిడి చాలుతోందనే అనుకుంటాను. పై అంతస్తుల్లో ట్యాంకు దగ్గరగా ఉండి ఒత్తిడి తక్కువైతే లోపలి రబ్బరు పొర కదలదు, అప్పుడు స్పార్క్ కూడా రాదు. సిలిండర్ మార్చిన రోజైతే పైపులో గాలి ఉంటుంది, రెండు మూడుసార్లు కుళాయి తిప్పితే సర్దుకుంటుంది. ఇవేవీ కాకపోతే బర్నర్‌కు మసి పట్టి ఉంటుంది. పచ్చమంట చూస్తే మీ దాంట్లో మసి తప్పకుండా ఉంటుంది. ఆ శుభ్రం మెకానిక్ చేయాలి, శుభ్రం చేశాక మంట నీలంగా వచ్చిందో లేదో మీ కళ్లతో చూడండి. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి 1906కు ఫోన్ చేయండి.

ఈలోగా అమ్మగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. బీపీ గురించి మాత్రమే చెప్పి ఊరుకోకండి. "బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది, స్నానం తర్వాతే తల తిరుగుతోంది" అని ఈ మాటల్లోనే చెప్పండి. మార్చిన మాత్ర కొనసాగించాలో వద్దో ఆ తర్వాతే అడగండి. ఆమెకు ఎలా ఉందో వచ్చే నెలలోపు నాకు ఒక్క ముక్క రాయండి మాస్టారూ.